బయటి జేబు

సూర్యాపేట
24 నవంబరు 1948

కాటయ్య బావకు,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు మగ్గం గుంటలో కూర్చుని ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటావు. ఆ తిట్టేదేదో తిట్టేసి తీరిగ్గా చదువు. నాకొక సంచి కావాలి. వీపుకు వేసుకునేది.

మీరు సూర్యాపేట వదిలి కోదాడ వెళ్ళి ఆరేళ్ళయింది. నా స్టూడియో అదే గదిలో ఉంది, తెర మీద గీయించిన మేడ కూడా అలాగే ఉంది. దాని ముందు కూర్చునేవాళ్ళే లేరు. పోలీసు చర్య అయిన దగ్గర్నుంచీ పోలీసు కచేరి పని చేస్తున్నాను. ఊళ్ళ పక్కన పేరు తెలియని శవం దొరికితే నాకు కబురు వస్తుంది. వెళ్ళి పటం తీసి ఇస్తాను. దాన్ని కచేరి గోడకు అంటిస్తారు. తమవాళ్ళు ఉన్నారేమోనని జనం వచ్చి చూసి వెళ్తారు. ఇంతవరకు గుర్తుపట్టింది ఇద్దరినే. మొహాలు మట్టితో ఉంటాయి. కడిగేంత తీరిక పోలీసు అమీనుకు ఉండదు, నాకూ ఉండదు. నాకేమీ అనిపించడం లేదు బావా. మొదటి రోజు అన్నం సహించలేదు, రెండో రోజు నుంచి సహిస్తోంది.

బండి పోని దారులన్నీ నడకే. గోనెసంచిలో సామాను వేసుకుని భుజాన మోశాను. పెన్‌పహాడ్ నుంచి వస్తుంటే వాగులో కాలు జారి మూడు గాజు పలకలు పగిలాయి. మిగిలినవి ఒక పాత బట్టలో చుట్టి ఉండడం వల్ల దక్కాయి. తరువాత అంగట్లో మిలిటరీ సంచి ఒకటి కొన్నాను. యుద్ధం ముగిశాక బజారుకు వచ్చిన సరుకు, గట్టిదే, రెండు భుజాలకూ పట్టీలున్నాయి. దాన్ని వేసుకుని తుంగతుర్తి పక్క ఊరికి వెళ్తే ఊరంతా ఖాళీ. ఖాకీ రంగు దూరం నుంచే కనబడిందట. ఒక ముసలమ్మ మాత్రం గడప దగ్గర నిలబడి, "మొగోళ్ళెవ్వలు లేరు బిడ్డా, మల్ల రా" అంది. గుర్తుపట్టాల్సిన వాళ్ళు పారిపోతే నేను పటం తీసి ఏం లాభం?

హైదరాబాదులో తోలు పెట్టెలు దొరుకుతాయంటున్నారు. తోలా, కిత్తనగుడ్డా, ఇంకేమైనానా, నువ్వే చెప్పు. జంగమ్మత్తకు నా దండాలు.

చంద్రమౌళి


కోదాడ
2 డిసెంబరు 1948

చంద్రమౌళికి,

తోలు మాట ఎత్తకు. వానకు తాగి బరువెక్కుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. పైగా ఆ పెట్టెలు ఒక్క భుజానికే వేలాడతాయి. వాగు దాటేవాడికి అవి పనికిరావు. వంగిన ప్రతిసారీ ముందుకు జారి నిన్ను నీళ్ళలోకి లాగుతాయి. ఖాకీ సంచిని ఎవరికైనా ఇచ్చెయ్యి, నీ ఒంటి మీద ఉన్నంతకాలం నీకు మంచినీళ్ళు పోసేవాళ్ళు కూడా ఉండరు.

మందల వెంట పోయేవాళ్ళకు మేం పిల్లల సంచి కుడతాం. దారిలో గొర్రె ఈనితే ఆ పిల్లను అందులో వేసి వీపుకు కట్టుకుంటారు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. పిల్ల నలగకూడదు, కదలకూడదు, ఊపిరాడాలి. నీ కెమెరాకు ఊపిరి అక్కర్లేదు, మిగతాదంతా అదే లెక్క. నిన్ను గొర్రెలకాపరిని చేస్తున్నానని నవ్వుకోకు. ఏ వస్తువు ఎంత పొడవు, ఎంత మందం, దేని తరువాత ఏది బయటికి తీస్తావు, అన్నీ వివరంగా రాయి. మొత్తం బరువు కూడా రాయి. బరువు నడుము మీద పడాలి, మెడ మీద కాదు.

ఇక మా ఇంటి సంగతి. తమ్ముడు అంజన్న జాడ ఇంకా తెలియలేదు. ఆషాఢంలో అరవై గొర్రెలతో పెన్‌పహాడ్ వైపు వెళ్ళాడు. ప్రతి ఏడూ వెళ్ళేదే, ప్రతిసారీ నీ స్టూడియోలో ఒక పూట పడుకుని వచ్చేవాడు. దసరా తరువాత గొర్రెలు వేరేవాళ్ళ మందతో కలిసి ఇల్లు చేరాయి. వాడు చేరలేదు. ఎవరిని అడిగినా తెలియదంటారు. నువ్వు ఊళ్ళు తిరుగుతున్నావు, కచేరికి పోతున్నావు. చెరసాలల్లో ఉన్నాడేమో కనుక్కో. ఉన్నమాట రాయి, లేదన్నా లేదని రాయి. నేను తట్టుకుంటాను. వాడి ఒంటి మీద నేను నేసిన గొంగడి ఉంది, ఎర్రదారం అంచు.

అమ్మ వాడికోసం కొత్త గొంగడికి ఉన్ని నూలు వడుకుతోంది. కుడి మణికట్టు విరిగిన నాటి నుంచి ఆవిడ ఎడమచేత్తోనే కదురు తిప్పుతుంది కదా, మెలి అందరికీ ఒకవైపు తిరిగితే ఆవిడది ఇంకోవైపు. వేరే నూలుతో కలిపితే మగ్గం మీద తిక్కతిక్కగా ముడుచుకుంటుంది. అందుకే ఆ నూలు ఇంట్లోవాళ్ళకే వాడతాను. వద్దంటే వినదు. "వాడొచ్చేటాలకు సలి ముదురుతది" అంటుంది.

కాటయ్య


సూర్యాపేట
15 డిసెంబరు 1948

కాటయ్య బావకు,

కొలతలు రాస్తున్నాను. కెమెరా మడిచినప్పుడు జానెడున్నర పొడవు, జానెడు వెడల్పు, బెత్తెడు మందం. లెన్సు ఇత్తడిది, పిడికెడంత. గాజు పలకలు పెట్టే చెక్క చట్రాలు ఆరు, ఒక్కొక్కదానిలో రెండు పలకలు. నల్లగుడ్డ రెండు మూరలు. మూడుకాళ్ళ స్టాండు మడిచినా మూడు మూరలుంటుంది కాబట్టి బయట కట్టుకోవాలి. మొత్తం పన్నెండు సేర్లు తూగింది. ముందు స్టాండు, తరువాత కెమెరా, లెన్సు, నల్లగుడ్డ తీస్తాను. చట్రాలు చివర. బురదలో సంచి కింద పెట్టలేను, కాబట్టి జవాను ఐలన్న వెనక నిలబడి నా వీపు మీద నుంచే తీసి ఇస్తాడు. సంచి నోరు అతనికి అందేలా ఉండాలి.

పైన గొంగడి వద్దు బావా. గొంగడి కనబడితే దారిలో పోలీసు నాకాల దగ్గర ఆపుతున్నారు. కప్పుకున్నవాడు ఎవరైనా సరే, వాడిది అడివి మొహమే, దళం మనిషే అంటున్నారు. ఖాకీకి ఊరు పారిపోతుంది, గొంగడికి పోలీసు పట్టుకుంటాడు. మధ్యలో ఏదైనా చూడు. గుడారం గుడ్డకు తుమ్మచెక్క రంగు వేస్తే ఎలా ఉంటుంది?

లోపల మెత్త కోసం మాత్రం ఒక గొంగడి పంపుతున్నాను. సూర్యాపేట అంగట్లో కొన్నాను. పాతదే, కానీ గట్టిది. అంచులు చీకిపోయాయని అమ్మినవాడే కత్తిరించేశాడు. బస్సు డ్రైవరు మంగయ్య తెచ్చి ఇస్తాడు. మొత్తం వాడేసుకో, నాకు తిరిగి ఏమీ పంపనక్కర్లేదు.

అంజన్న సంగతి కనుక్కుంటాను. చెరసాలల పేర్ల పట్టీలు మా కచేరికి రావు.

ఇక్కడ చలి బాగా ఉంది. పని అలాగే సాగుతోంది. పోయిన వారం నాలుగు పటాలు.

చంద్రమౌళి


కోదాడ
3 జనవరి 1949

చంద్రమౌళికి,

గొంగడి చేరింది. రాయడం ఆలస్యమైంది.

గుడారం గుడ్డ దొరికింది. తుమ్మచెక్కలో రెండుసార్లు ఉడికించాను. మట్టిరంగు వచ్చింది. దూరం నుంచి చూస్తే సంచి ఉన్నట్టే తెలియదు. పట్టీలు బెత్తెడు వెడల్పు పెడుతున్నాను, సన్నవైతే భుజాలు కోస్తాయి. నడుముకు ఒక కట్టు. నోరు వెనకవైపు, ఐలన్న చేతి ఎత్తుకు.

కొన్ని అడగాలి. ఆ గొంగడి నీ చేతికి వచ్చినప్పుడు తడిసి ఉందా, పొడిగా ఉందా? ఏ రోజు కొన్నావు? నీ ముందు ఎవరైనా దాన్ని ఉతికారా?

అమ్మకు నీ ఉత్తరాలన్నీ చదివి వినిపిస్తాను. మొదటి ఉత్తరంలో ఒక మాట ఆవిడకు పట్టుకుంది. "మట్టి మొహాలను గట్లనే తీస్తడా? ఎవ్వలు గుర్తువడ్తరు?" అని రోజూ అడుగుతోంది. దీనికి జవాబు రాయి.

నూలు వడకడం ఆపేసింది. ఆరోగ్యం బాగానే ఉంది.

కాటయ్య


మిర్యాలగూడ
20 జనవరి 1949

కాటయ్య బావకు,

పదిరోజుల నుంచి ఇక్కడే ఉన్నాను. బియ్యం మిల్లు గోదాములో పట్టుకొచ్చినవాళ్ళను ఉంచారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నంబరు రాసిన పలక ఎద మీద పట్టుకోమని చెప్పి తీస్తున్నాను. బతికినవాళ్ళను తీసి చాలా రోజులైంది. కదలకండి అని చెప్పడం కూడా మరిచిపోతున్నాను. ఒకతను దగ్గితే ఉలిక్కిపడ్డాను. ఇక్కడి పేర్లన్నీ చదివాను. అంజన్న పేరు లేదు.

గొంగడి తడిసే ఉంది. వానలో కొన్నాను. నేనే ఆరబెట్టాను. ఉతకలేదు.

అత్త అడిగినదానికి జవాబు చెప్పడం కష్టం. నేను నల్లగుడ్డ కప్పుకుంటాను. వెనక అద్దం మీద మనిషి తలకిందులుగా కనబడతాడు. కాళ్ళు పైన, తల కింద. నాకు అలా చూడడమే అలవాటైంది, గుడ్డ తీశాక నేరుగా చూడను. అమీను, "జల్దీ కానియ్, వాసనొస్తున్నది" అంటూ ఉంటాడు. దగ్గర్లో నీళ్ళుండవు, ఉన్నా పోసేవాళ్ళుండరు. ఇవన్నీ నిజమే. అయినా కడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. అదీ నిజమే. అత్తకు ఇది చదవకు.

పోయిన ఉత్తరంలో నువ్వు అంజన్న గురించి అడగలేదు. రెండుసార్లు వెతుక్కున్నాను. ఎందుకు అడగలేదు?

చంద్రమౌళి


కోదాడ
10 ఫిబ్రవరి 1949

చంద్రమౌళికి,

సంచి పంపుతున్నాను. మంగయ్యకు జాగ్రత్తగా ఇమ్మని చెప్పాను.

అడుగున చట్రాలు నిలబెట్టు, పడుకోబెట్టకు. వాటి మీద కెమెరా. లెన్సుకు పక్కన చిన్న గూడు ఉంది, తాడు లాగితే మూసుకుంటుంది. స్టాండుకు రెండువైపులా కొక్కేలు. బరువు ఎక్కించాక నడుము కట్టు ముందు బిగించి, ఆ తరువాతే భుజాల పట్టీలు సరిచెయ్యి. మొదటి రోజు నొప్పి పుడుతుంది, మూడో రోజుకు పోతుంది. నోటి మీద మూత రెండు పొరలు, వాన దిగదు. వాగులో పడినా నువ్వు తడుస్తావు కానీ అది తడవదు. ఇది నా మాట.

కుడివైపు బయటి జేబు ఒకటి ఉంది. ప్రస్తుతానికి అందులో ఏమీ పెట్టకు.

అమ్మకు నీ ఉత్తరం చదివాను. వద్దన్నావు కానీ చదివాను.

కాటయ్య


సూర్యాపేట
22 ఫిబ్రవరి 1949

కాటయ్యకు,

సంచి వేసుకుని ఎనిమిది మైళ్ళు నడిచాను. ఒక్క పలక కూడా కదల్లేదు. దారిలో ఎవరూ పారిపోలేదు, ఎవరూ ఆపలేదు. ఒక ఊళ్ళో పిల్లలు వెంటపడి ఏం అమ్ముతున్నావని అడిగారు. ఇంత మంచి వస్తువు నా దగ్గర ఇంతవరకు లేదు. బయటి జేబు ఖాళీగా ఉంచమన్నావు కానీ అందులో మెత్తటి పాతచీర గుడ్డ మడిచి ఉంది. దానితో లెన్సు తుడుచుకుంటున్నాను. జేబు మాత్రం మరీ పెద్దదైంది, గుండ్రంగా ఎందుకు కుట్టావో తెలియలేదు.

నిన్న లోపల చేయి పెట్టి చూశాను. నేను పంపింది నిండు గొంగడి. లోపల కుట్టింది సగమే. మిగతా సగానికి ఏదో మామూలు ఉన్ని వేశావు. గుడ్డ మిగుల్చుకునే మనిషివి కావు. కాబట్టి నీకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు.

నవంబరు పదమూడున పెన్‌పహాడ్ అవతల ఒక మోటబావి దగ్గరికి పిలిచారు. వాన పడుతోంది. ముగ్గురున్నారు. చివరి మనిషి మొహం మీది గొంగడిని జవాను లాగి పక్కన పారేశాడు. మొహమంతా బురద. నేను నల్లగుడ్డలో దూరి తలకిందులుగా చూసి తీశాను. నాకేమీ తెలియలేదు. గోనెసంచి తడిసిపోయిందని పలకలను ఆ గొంగడిలోనే చుట్టి తెచ్చాను. వాగులో పలకలు దక్కింది దానివల్లే. స్టూడియోలో అచ్చు వేశాక కాగితాన్ని నిలువుగా పట్టుకుంటే ఎడమ కనుబొమ్మ మీద పొట్టేలు పొడిచిన మచ్చ కనబడింది. నా మొట్టమొదటి పటం వాడిదే కదా, గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడినది. ఆ మచ్చ అందులోనూ ఉంది.

నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే నాకు తెలుసు. సంచి నిజంగానే కావాలి. కానీ వేరేవాళ్ళ దగ్గర కూడా దొరికేది.

కచేరి గోడ మీద వాడు పదిహేడో నంబరు. కింద పేరు రాయలేదు. రాస్తే మీ ఇంటికి పోలీసులు వస్తారని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. చేయి రాలేదు. రోజూ ఆ గోడ పక్కనుంచే వెళ్ళాను. జనం పదిహేడో నంబరు ముందు ఆగి, మట్టి మొహం చూసి, మనవాడు కాదులే అని ముందుకు పోయేవారు. అది మట్టి చేసిన పని కాదు, నేను చేసిన పని.

గొంగడిని పారేయలేకపోయాను. గదిలో ఉంచుకోలేకపోయాను. అది మీ ఇంటికి చేరాలి, నా నోటితో కాకుండా చేరాలి అనుకున్నాను. మళ్ళీ నువ్వు గుర్తుపడతావని భయపడి ఎర్రంచు నేనే కత్తిరించాను. అమ్మినవాడు ఎవడూ లేడు. ఆ అంచు ఈ కవరులో పెడుతున్నాను.

ముగ్గురినీ అక్కడే పూడ్చారు. మోటబావికి తూర్పున రెండు తుమ్మచెట్లు పక్కపక్కన ఉంటాయి. బావి వైపు ఉన్న గుంత వాడిది. వెళ్ళేటప్పుడు కబురు చేస్తే వస్తాను. రావద్దంటే రాను.

ఏడుపు వస్తుందని ఇంతసేపూ చూశాను, రాలేదు. బాధగా ఉందని రాస్తే అబద్ధమవుతుంది. బాధ ఎక్కడో ఉండాలి, నాకు దొరకడం లేదు.

చంద్రమౌళి


కోదాడ
9 మార్చి 1949

చంద్రమౌళికి,

నిన్ను పిలవకుండానే వెళ్ళి వచ్చాం. నీ మొహం చూడాలని నాకు లేదు. ఉన్నమాట రాయమని అడిగాను, నువ్వు కొలతలు రాశావు. దసరా నుంచి మా అమ్మ వాకిట్లో కూర్చుని రోడ్డు మీద ఆగిన ప్రతి బస్సునూ చూసింది. అందులో ఒకటి ఆ గొంగడి తెచ్చింది. నీ మీద కోపం ఉంది. ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు.

నాకు తెలిసిన సంగతి విను. అంచు కత్తిరిస్తే గుర్తు పోతుందనుకున్నావు. అంచు సంతలో అమ్మేవాళ్ళ గుర్తు. ఇంట్లోవాళ్ళకు అది అక్కర్లేదు. మంగయ్య మూట దింపిపోయినప్పుడు నేను ఇంట్లో లేను. అమ్మ విప్పింది. ఒక పోగు లాగి వేళ్ళ మధ్య తిప్పిందట. మెలి ఎడమకు తిరిగింది. ఈ చుట్టుపక్కల ఎడమచేత్తో వడికే మనిషి ఆవిడ ఒక్కతే. ఈ మాట నా మొదటి ఉత్తరంలోనే నీకు రాశాను. నువ్వు ఎర్రదారం ఒక్కటే చదివావు.

నేను వచ్చేసరికి గొంగడి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవలేదు. "మన చంద్రమౌళి పంపిండు. సంచి కుట్టు" అంది. నిన్ను నిలదీస్తూ ఆ రోజే ఉత్తరం రాయబోయాను. పట్టుకుని ఆపింది. "అంజన్నను ఏడ పెట్టిన్రో చంద్రమౌళికే ఎర్క. ఇప్పుడు అడిగితే బెదిరి రాయడు. వాడంతల వాడే చెప్తడు, జర ఆగు" అంది. అందుకే ఆగాను. తడిసి ఉందా, ఏ రోజు, అని చుట్టూ తిప్పి అడిగింది అందుకే. సగం గొంగడి దాచింది కూడా ఆవిడే. మాలో పోయినవాడి గొంగడి పరిచి దాని మీద వాడికి అన్నం పెట్టాలి. చోటు తెలియక రెండు నెలలు అది దూలానికి వేలాడింది.

రెండు తుమ్మచెట్లు దొరికాయి. బావి వైపు గుంత మీద సగం గొంగడి పరిచాం. అన్నం పెట్టింది, పాలు పోసింది. నువ్వు పంపిన ఎర్రంచు చేతికి చుట్టుకుని ఉంది, ఇంకా తీయలేదు. వచ్చేటప్పుడు సూర్యాపేటలో కచేరికి తీసుకువెళ్ళమంది. పదిహేడో నంబరు ముందు నిలబడింది. కొంగుతో ఆ కాగితాన్ని తుడిచింది. కాగితం మీద మట్టి పోదని నేను చెప్పలేదు. జవాను వచ్చి ముట్టుకోవద్దన్నాడు. పేరు చెప్పి రాయించాను.

నువ్వు తీసిన ఆ పదిహేడో నంబరు పటం నాకు వద్దు. గొర్రెపిల్లతో ఉన్నది ఉంటే పంపు.

సంచి వాడుకో. తిప్పి పంపవద్దు, అమ్మ తీసుకోదు. అందులో ఉన్న సగం గొంగడి వాడిదే, నీ వీపు మీదే ఉంటుంది.

బయటి జేబు నేను కుట్టింది కాదు. నీ మొదటి ఉత్తరం విన్న నాటి నుంచి అమ్మ మనసులో ఉన్నది అదే. చెంబు తెచ్చి పక్కన పెట్టుకుని, దాని చుట్టూ గుడ్డ తిప్పి, ఎడమచేత్తో తనే కుట్టుకుంది. అందుకే గుండ్రంగా ఉంది. నీళ్ళు నింపిన చెంబు మూతతో సహా అందులో సరిగ్గా పడుతుంది. ఆ గుడ్డ లెన్సు కోసం కాదు. తన చీర చించి పెట్టింది. నీకు రాయమన్న మాట ఇది:

"ఇగ ముందల ఎవ్వల్ని తీసినా, జర నీళ్ళు వోసి మొహం తుడువుమను. ఆ గోడకాడికి తల్లులొస్తరు."

కాటయ్య